కీబోర్డు సామేలు

కోరుట్ల బస్టాండులో దిగి "కీబోర్డు సామేలు దుకాణం ఎక్కడ?" అని అడిగితే షేర్ ఆటోలవాళ్ళు ఎవరైనా చూపిస్తారు. దుకాణం మీద మాత్రం ఆ పేరు ఉండదు. "విజయ టైపింగ్, డీటీపీ" అన్న పాత బోర్డే ఇప్పటికీ వేలాడుతోంది. విజయ సామేలు భార్య. గల్ఫ్ పోయేవాళ్ళ దరఖాస్తులు, పెళ్ళిపత్రికలు, ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చే అర్జీలు ఇరవై ఏళ్ళపాటు ఆమె వేళ్ళ కింది నుంచే బయటికి వచ్చాయి. సామేలు ఆమె వెనక బల్ల దగ్గర కూర్చుని చెడిపోయినవి బాగు చేసేవాడు. చాకిరీ అంతా ఆమెది, పేరంతా మొగుడిది. ఇలాంటి పంపకంలో లోకం ఎప్పుడూ పొరపాటు పడదు.

ఆ పేరు రావడానికి కారణం ఒక వింత విద్య. పాత కీబోర్డు ఏది ముందు పెట్టినా సరే, మీట నొక్కి, చెవి ఒగ్గి విని, విప్పకుండానే లోపల ఎలాంటి స్విచ్చి ఉందో చెప్పేసేవాడు. ఇప్పుడు చెప్పడు. విజయ పోయి ఏడాది కావస్తోంది. ఎవరైనా కీబోర్డు తెచ్చి "జర చెవి పెట్టి చూడన్నా" అంటే, "ముందుగాల ఇప్పు. ఇప్పినంక మాట్లాడుదాం" అంటాడు. 

ఇంతకీ ఈ విద్యతో ఎవరికేం పని అని కోరుట్లలోనూ చాలామందికి అనిపించేది. ఇప్పటి కీబోర్డుల్లో చెప్పడానికి ఏమీ ఉండదు, మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర పరిచి ఉంటుంది. పాతవాటిలో ఒక్కో మీటకు ఒక్కో స్విచ్చి. అందులోనూ ఒక్కో కంపెనీది ఒక్కో తిక్క. ఒకదాంట్లో రాగిరేకు, ఒకదాంట్లో నడుం వంచి టక్కుమనే స్ప్రింగు, ఒకదాంట్లో బియ్యపుగింజంత గాజుగొట్టం, ఇంకోదాంట్లో అయస్కాంతం. సామేలు వాటికి సొంత పేర్లు పెట్టుకున్నాడు. రేకు ఉన్నది చిటికెది. స్ప్రింగు ఉన్నది పటాకిది. గాజుది గాజుదే. అయస్కాంతం ఉన్నది సూదంటుది.

వీటికోసం పడిచచ్చేవాళ్ళు లోకంలో ఉన్నారని కోరుట్లకు తెలియజేసింది జగిత్యాల మహిపాల్. రైతుల ఇంటి పిల్లవాడు, పదిహేనేళ్ళు దుబాయిలో పాత కంప్యూటర్ల యార్డులో పనిచేశాడు. అక్కడి నుంచి వచ్చేవాళ్ళు కంబళ్ళు తెస్తారు, సెంట్లు తెస్తారు. మహిపాల్ రెండు పెద్ద డబ్బాల నిండా కీబోర్డులు తెచ్చాడు. వాటిని విప్పినప్పుడు తల్లి నర్సవ్వ వాడకట్టంతా వినపడేలా నెత్తి కొట్టుకుంది. ఏ దేశంలోనో కూర్చున్నవాళ్ళు వాటిని ముద్దుగా దాచుకుంటారట. కొనే ముందు లోపల ఏ స్విచ్చి ఉందో చెప్పాలంటారట. విప్పి చూద్దామంటే నలభై ఏళ్ళనాటి ప్లాస్టిక్కు పుటుక్కుమని విరుగుతుంది. అందుకని మహిపాల్ మీట చప్పుడు ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేవాడు. సామేలు అన్నం తింటూనే విని జవాబిచ్చేవాడు.

ఒకసారి ఏదో విమానాల ఆఫీసులోంచి వచ్చిన కీబోర్డు గురించి ఇద్దరికీ పంతం వచ్చింది. మహిపాల్ అది చిటికెది అన్నాడు. సామేలు గాజుది అన్నాడు. మహిపాల్ జగిత్యాల నుంచి బస్సులో పట్టుకొచ్చి, సామేలు కళ్ళముందే ఒక మీట విప్పాడు. లోపల సన్నటి గాజుగొట్టం మెరిసింది. "నీ చెవి చెవి కాదన్నా, ఎక్స్‌రే మిషిన్" అని మహిపాల్ రెండు చేతులూ జోడించాడు. ఆ మాట సామేలు చాలా రోజులు ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పుకుని మురిసిపోయాడు. విజయ మాత్రం స్క్రీన్ మీదినుంచి తల తిప్పకుండా, "గా ఎక్స్‌రే మిషిన్‌కు కూరల ఉప్పు తక్కువైతె ఎందుకు తెల్వదో" అంది.

సామేలుది కథలాపూర్. తండ్రి సాయన్న ఊళ్ళో అందరి పొలాలూ దున్నినవాడే, తన పేర మాత్రం గుంటెడు భూమి లేదు. కొడుకును పదహారో ఏట సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనికి పెట్టాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి మోగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అంత మోతలోనూ మేస్త్రీ పరశురాములు గుమ్మంలో నిలబడి, "పదకొండోది కుంటుతుంది, పోయి చూడు" అనేవాడు. నిజంగానే పదకొండోది కుంటుతుండేది. సామేలుకు చెవి అక్కడ వచ్చింది. నూనెడబ్బా అలవాటు కూడా అక్కడే అబ్బింది. ఒక సాంచా కిర్రుమంటే దానికొక్కదానికే నూనె వేసి ఊరుకోవడం పరశురాములు దృష్టిలో బద్ధకం. వరసంతా వేసుకుంటూ పోవాల్సిందే.

షెడ్డు పైన మిద్దెలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు మాత్రమే ఆ చప్పుడు కిందికి వినిపించేది. ఒక మధ్యాహ్నం అలా వింటూ వింటూ సామేలు లేచి, ఒంటినిండా దూది నలకలతో మెట్లెక్కి పోయి, "మూడో మిషిన్ల ఒక మీట కిందికి పోయి మల్ల లేస్తలేదు" అన్నాడు. మూడో మిషను ముందు కూర్చున్న పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది.

"కిందికెల్లి నీకెట్ల కనవడ్డది?"

"కనవడలే. ఇనవడ్డది."

ఆ పిల్లే విజయ. బోయినపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి హయ్యర్ టైపింగ్ నేర్చుకునేది. ఆనాటి నుంచి మూడో మిషను వారానికి రెండుసార్లు చెడిపోవడం మొదలుపెట్టింది. ఎవరు చెడగొట్టేవారో ఇద్దరిలో ఒక్కరూ ఎప్పుడూ ఒప్పుకోలేదు. తొంభై ఎనిమిదిలో బోయినపల్లి చర్చిలో పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. కోరుట్లకు వచ్చి దుకాణం పెట్టారు. ఆమె టైపింగ్ నేర్పేది కనుక ఊరందరితోపాటు అతనూ ఆమెను టీచరమ్మా అనే పిలిచేవాడు.

జబ్బు వచ్చినప్పుడు ముందు పోయింది పాట. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది విజయే. ఒకరోజు రెండో చరణంలో నాలుక మడతపడి ఆగిపోయింది. తర్వాత మాట ముద్దగా రాసాగింది. పంటి నొప్పి అనుకున్నారు, పక్షవాతం అనుకున్నారు. కరీంనగర్, ఆ తర్వాత హైదరాబాదు. పెద్ద డాక్టరు మెల్లగా చెప్పాడు: ఇది నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు, దీనికి మందు లేదు. ముందు మాట పోయింది, తర్వాత చేతులు పోతాయి, ఆ తర్వాత ఊపిరి. బుద్ధి మాత్రం చివరిదాకా చెక్కుచెదరదు. ఆ చివరి మాట ఓదార్పుకు చెప్పాడో, హెచ్చరికగా చెప్పాడో సామేలుకు అర్థం కాలేదు.

ఆర్నెల్లలో మాట పూర్తిగా పోయింది. అయినా విజయ నోరు మూయలేదు, కీబోర్డు ఉంది కదా. దుకాణం వెనక గదిలో మంచం పక్కన స్క్రీన్ పెట్టుకుని టకటకా కొట్టేది. కానీ వేళ్ళలో సత్తువ తగ్గుతూ వచ్చింది. ఇరవై ఏళ్ళు వాడిన చిటికె కీబోర్డు ఆమె వేలికి లొంగడం మానేసింది. ఫోను ఇస్తే వేలు అద్దం మీద జారిపోయేది, ఒక అక్షరం బదులు పది పడేవి. విసుగొచ్చి ఏడ్చేది. ఏడుపు చప్పుడు కూడా సరిగ్గా వచ్చేది కాదు.

అప్పుడు మహిపాల్ తన డబ్బాల్లోంచి వెతికి ఒక కీబోర్డు తెచ్చాడు. గోధుమపిండి రంగుది, బరువైనది, ఎప్పటిదో పెద్ద కంప్యూటరుతో వచ్చినది. ఇప్పటి కంప్యూటరుకు తగిలించడానికి ఒక చిన్న ముక్క కూడా తనే చేసి పెట్టాడు. దాని మీటలు వేలు ఆనిస్తే చాలు కిందికి పోతాయి. సామేలు ఆ రోజు ఏదో పని మీద మెట్‌పల్లి వెళ్ళాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: "ఇంత ఆల్శమా? చాయి చల్లగైంది."

మళ్ళీ ఇంట్లో మాట వినిపించింది. సామేలు నోటితో మాట్లాడేవాడు, ఆమె వేళ్ళతో జవాబిచ్చేది. పొద్దున వచ్చి స్నానం చేయించి పోయే పక్కింటి రాములవ్వకు చదువు రాదు కాబట్టి ఆమెకు సామేలే చదివి వినిపించేవాడు. రాములవ్వను తిట్టినవి మాత్రం మింగేసేవాడు. "గురక పెడుతవు, సాంచా నడిచినట్టే ఉంటది" అని రాసేది. "నాకు దుఃఖం లేదు. నువ్వు గట్ల ముఖం పెట్టకు" అని కూడా ఒకరోజు రాసింది. డాక్టరు ఆమె వేళ్ళు చూసి, ఇంకో రెండు నెలలు పనిచేయవచ్చని చెప్పాడు. ఆ రెండు నెలల మాటలు సామేలుకు కావాలి. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగడం లేదని చర్చిలో మోకరిల్లినప్పుడు చెప్పుకునేవాడు.

మార్చిలో కీబోర్డు మీద మూడు మీటలు పనిచేయడం మానేశాయి. "న" రాదు, "మ" రాదు, ఇంకో గుణింతపు గుర్తు రాదు. విజయ వాటిని వదిలేసి రాస్తుంటే సామేలు తికమకపడేవాడు, ఆమె కళ్ళతో నవ్వేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తినిపించాక, "గంట సేపు ఓపిక పట్టు టీచరమ్మా, దీని సంగతి చూస్త" అని కీబోర్డు వైరు ఊడదీసి తన బల్ల మీదికి తెచ్చుకున్నాడు. బల్ల మంచానికి నాలుగడుగుల దూరం. దిండ్లకు ఆనుకుని విజయ అతన్నే చూస్తోంది.

మీట నొక్కి విన్నాడు. రేకు రాచుకునే చప్పుడు లేదు. గాజు టిక్కు లేదు. స్ప్రింగు విరుపు లేదు. మెత్తగా పోయి మెత్తగా లేస్తోంది. ఇక మిగిలింది సూదంటుదే. విప్పి చూడవచ్చు. కానీ విప్పడంలో ఒక పక్క విరిగితే ఆ అక్షరం ఆమెకు మళ్ళీ రాదు. అందుకు అతనికి ధైర్యం చాలలేదు, అందులో తప్పు పట్టడానికీ లేదు. పైగా తన చెవి మీద తనకు నమ్మకం. ఆ నమ్మకానికి ఇంకొంచెం బలం కోసం సిరిసిల్ల నాటి ఉక్కు కొక్కెం తీశాడు. పోగులు లాగడానికి పరశురాములు ఇచ్చిన సన్నని కొక్కెం అది. మీట టోపీ తీసి దాన్ని పైన ఆడించాడు. కొక్కెం మొన కిందికి లాగినట్టు వాలింది.

"సూదంటుదే! చెప్పిన్నా లేదా?" అని విజయ వైపు తిరిగి కొక్కెం ఊపి చూపించాడు.

సూదంటు స్విచ్చిలో లోపల తగిలేదీ, రాచుకునేదీ ఏమీ ఉండదు. అంతకుముందు ఒక పాత కీబోర్డులో బిగిసిపోయిన అలాంటి మీటలకు సాంచా నూనె ఒక్కో బొట్టు వేస్తే ప్రాణం లేచివచ్చింది. సామేలు అటక మీది నుంచి నూనెడబ్బా దించాడు. మూత తీశాడు.

అప్పుడు మంచం మీది నుంచి చప్పుడు వచ్చింది. "ఆఁ... ఆఁ..." అని గొంతులోంచి. తిరిగి చూస్తే విజయ కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తోంది.

"దూపైతుందా?" అని లేచి చెంచాతో నీళ్ళు పోశాడు. ఆమె మింగలేదు, నీళ్ళు పెదవి పక్కనుంచి కారిపోయాయి. తుడిచాడు. మళ్ళీ "ఆఁ... ఆఁ..." అంది, ఈసారి ఇంకా గట్టిగా. మెడ కదిలించబోయింది. పొలమారిందేమోనని అతనికి భయం వేసింది. పొలమారితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆస్పత్రిలో నర్సు నేర్పింది. అలాగే భుజం పట్టి, నడుం పట్టి, భద్రంగా గోడ వైపు తిప్పి పడుకోబెట్టాడు. వీపు నిమిరాడు. "అయిపాయె, అయిపాయె. జరసేపు" అన్నాడు. ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుని, చెడిన మూడింటికే కాకుండా ఎనభై మూడు మీటలకూ ఒక్కో బొట్టు నూనె వేశాడు. పరశురాములు చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

ఆ మధ్యాహ్నమే కీబోర్డు మళ్ళీ ఆమె ఒళ్ళోకి వచ్చింది. మీటలు ముందుకంటే తేలిగ్గా జారుతున్నాయి. "న" కూడా పడింది. "ఎట్లున్నది?" అని అడిగాడు. ఆమె కాసేపు కీబోర్డును చూసింది, కాసేపు అతన్ని చూసింది. తర్వాత నింపాదిగా కొట్టింది: "బాగైంది."

ఆనాటి నుంచి మూడు రోజులు విజయ ఆగకుండా రాసింది. పొద్దున మొదలుపెడితే వేళ్ళు వాలిపోయేదాకా రాస్తూనే ఉండేది. బీరువా తాళం ఎక్కడుందో, గ్యాసు పుస్తకం ఎక్కడుందో రాసింది. రాములవ్వకు నీలం చీర, చర్చిలో పాట నేర్చుకుంటున్న పూజకు తన పాటల పుస్తకం. పప్పుచారులో చింతపండు ఎంత నానబెట్టాలో. నువ్వు బీపీ గోలీ మరువకు. నువ్వు నా బొమ్మ పెద్దది చేయించి గోడకు పెట్టకు, నాకు నచ్చదు. సామేలు ఇవన్నీ చదువుతూ, నూనె వేశాక ఆమెకు హుషారు వచ్చిందని సంబరపడ్డాడు. మహిపాల్‌కు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుందామనుకున్నాడు. పనిలో పడి చేయలేదు.

నాలుగోరోజు పొద్దున ఆమె "సిరిసిల్లల నువ్వు మిద్దెక్కి వచ్చిన దినం నేను" అని రాసింది. తర్వాతి అక్షరం పడలేదు. నొక్కింది, మళ్ళీ నొక్కింది. వెనక్కి పోయి ఇంకో మాటతో రాయబోయింది. అదీ పడలేదు. సాయంత్రానికి పాతిక మీటలు పోయాయి. మర్నాటికి సగం. ఆరోరోజుకు స్క్రీన్ మీద ఏం కొట్టినా "ర" ఒక్కటే వచ్చేది. విజయ వేళ్ళు తీసి పక్కన పెట్టుకుంది.

"పాతదయిపోయింది టీచరమ్మా. దాని ఆయుష్షు అంతే" అన్నాడు సామేలు. నూనె వల్లనేమోనన్న అనుమానం అప్పటికే అతనికి వచ్చింది. కానీ ఆ మాట నోట రాలేదు. మహిపాల్‌కు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తేలిపోయేది. ఎక్స్‌రే మిషన్ అని దండం పెట్టినవాడికి ఏమని చెప్పాలి? పదకొండు రోజులు చెప్పలేదు. మంచి మనిషి చేసే తప్పుల్లో ఇది ఒకటి, చెడ్డవాడు చేసే తప్పుకంటే దీనికే ఖరీదు ఎక్కువ. దుకాణంలో ఉన్న కీబోర్డులన్నీ తెచ్చి ఆమె వేళ్ళ కింద పెట్టి చూశాడు. స్ప్రింగులు కత్తిరించి పొట్టి చేశాడు. అట్టముక్క మీద అక్షరాలు రాసి, ఒక్కొక్కటీ చూపిస్తూ ఇదా అని అడిగేవాడు. అవునంటే ఆమె కళ్ళు ఒక్కసారి మూసి తెరిచేది, కాదంటే రెండుసార్లు. "నీళ్ళు" అన్న మాట పూర్తయ్యేసరికి ఆమె రెప్పలు అలసిపోయి వాలిపోయేవి.

పదకొండో రోజున మహిపాల్ ఇంకేదో కీబోర్డు వినిపించడానికి తనంతట తనే వచ్చాడు. మూలన పడి ఉన్న దాన్ని చూసి ఆగిపోయాడు. అడక్కుండానే తిరగేసి మరలు విప్పాడు. నూనె వాసన గదంతా కొట్టింది.

"గిదేందన్నా? నూనె పోసినవా?"

"సూదంటుది గదా అని..."

"సూదంటుది గాదే! స్పాంజిది. ఒక్కొక్క మీట కింద స్పాంజి బిళ్ళ ఉంటది, దాని కిందికి మెరిసే కాయిదం అంటుకొని ఉంటది. గా కాయిదం దగ్గరికి వస్తెనే అక్షరం పడుతది. చూడు, అంత పిండైంది." బురదలాంటి నల్లటి ముద్దను వేలితో తీసి చూపించాడు.

"కొక్కెం గుంజింది మహిపాల్. నా కండ్లతోని చూసిన."

మహిపాల్ ఆ కొక్కెం అందుకుని బల్ల మీది చిన్న మేకు దగ్గర పెట్టాడు. మేకు ఎగిరి కొక్కేనికి అతుక్కుంది. సామేలుకు అప్పుడు గుర్తొచ్చింది. సాంచాల్లో పడిపోయిన ఇనుపముక్కలు ఏరడానికి పరశురాములు ఆ కొక్కేన్ని ఏటా దసరాకు అయస్కాంతం మీద రుద్దేవాడు. పక్కన నిలబడి పట్టుకున్నది తనే. సిరిసిల్లలో పనిచేసిన ప్రతివాడి కొక్కెమూ అంతే. మీట కింద స్ప్రింగు ఉంది, కొక్కెం ఆ స్ప్రింగును లాగింది. ముప్ఫై ఏళ్ళు చేతిలో ఉన్న పనిముట్టు గురించి ఆ ఒక్కరోజు మరిచిపోయాడు.

"అయినా వదినకు చెప్పిన గదన్నా" అన్నాడు మహిపాల్, కోపం కంటే అయోమయంగా. "తెచ్చిననాడే చెప్పిన. నువ్వు మెట్‌పల్లి పోయినవ్. లోపల స్పాంజి ఉన్నది వదినా, నీళ్ళు, నూనె తగలనియ్యద్దు అన్న. సరే అని కొట్టింది గూడ. నీకు చెప్పలేదా?"

ఆదివారం మధ్యాహ్నం విన్న "ఆఁ... ఆఁ..." సామేలు చెవుల్లో మళ్ళీ మోగింది. ఆ నోరు తన బల్ల మీద పెట్టుకుని, నోరు లేని మనిషిని గోడ వైపు తిప్పి పడుకోబెట్టాడు. ఆ మూడు రోజులు ఆమె ఎందుకు అంత ఆదరాబాదరాగా రాసిందో కూడా అప్పుడే తెలిసింది. తన దగ్గర అక్షరాలు ఎన్నిరోజులు ఉంటాయో ఆమె లెక్క వేసుకుంది. అతను హుషారు అనుకున్నాడు. బల్ల మీద తల ఆనించి, మహిపాల్ ఎదుటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మహిపాల్ ఊరుకోబెట్టలేదు. "లే అన్నా. బిళ్ళలు మనమే కోద్దాం" అన్నాడు. టీవీ డబ్బాలోని ప్యాకింగు స్పాంజి దొరికింది. మెరిసే కాగితానికి చిప్సు ప్యాకెట్లు. సామేలు తాత చెప్పులు కుట్టిన కాలంలో తోలుకు బొక్కలు చేసిన పంచ్ ఒకటి పెట్టెలో ఉంది. దానితో ఎనభై మూడు బిళ్ళలు కోశారు. మహిపాల్ జగిత్యాల పోకుండా అక్కడే ఉండిపోయాడు. ఒక్కో మీటా కడిగి, ఆరబెట్టి, బిళ్ళ అతికి, ఆరాక నొక్కి చూసి, మళ్ళీ బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. అన్ని రోజులూ సామేలు విజయ ముఖంలోకి నేరుగా చూడలేదు. కీబోర్డు బాగయ్యాక అడుగుదాం, ఆమె తన మాటల్లోనే తిడుతుంది, అని ఆశ పెట్టుకున్నాడు. కడుపునిండా తిట్టాలి, ఒక పేజీ నిండా తిట్టాలి. ఆ తిట్లు కావాలనే అతను మెతుకు ముట్టకుండా పనిచేశాడు.

నాలుగో సాయంత్రం మహిపాల్ మీటలన్నీ ఒక్కొక్కటే కొట్టి చూశాడు. ఒక్కటీ తప్పిపోలేదు. సామేలు కీబోర్డును ఆమె ఒళ్ళో పెట్టి, చేతులు ఎత్తి, టైపింగు టీచరు వేళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఒక్కొక్కటిగా ఆనించాడు.

"కొట్టు టీచరమ్మా. ఏదన్నా కొట్టు. నన్ను తిట్టు."

విజయ స్క్రీన్ వైపు చూసింది. నుదుటి మీద చెమట పట్టింది. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఏదో బిళ్ళ ఊడిందేమోనని సామేలు వంగి ఆమె వేలి పక్కనే తన వేలు పెట్టి అదే మీట నొక్కాడు. అక్షరం పడింది. చేయి తీసి మళ్ళీ ఆగాడు. ఆమె వేలు మీట మీద ఉంది, ఊరికే ఉంది. కీబోర్డు బాగైంది. వేళ్ళే అయిపోయాయి. ఆ పదకొండు రోజుల్లోనో, ఈ నాలుగు రోజుల్లోనో, ఎప్పుడు పోయాయో అతనికి తెలియదు. మహిపాల్ ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సామేలు మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమె రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేనని తెలుసు.

"విజయా, ఆ ఆదివారం నేను నూనెడబ్బా తీసినప్పుడు నువ్వు అరిచినవు. దూపకే అరిచినవా?"

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, కోపం లేదు. తర్వాత రెప్పలు ఒక్కసారి మూసి తెరిచింది. మళ్ళీ మూస్తుందేమోనని అతను చూశాడు. మూయలేదు.

ఇరవై ఆరేళ్ళలో విజయ అతనికి చెప్పిన అబద్ధం అదొక్కటే. అది అబద్ధమని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. సామేలు లేచి పోయి గ్లాసులో నీళ్ళు తెచ్చాడు. చెంచాతో కొద్దికొద్దిగా పోశాడు. ఆమె ఒక్క చుక్క కారిపోనివ్వకుండా, ఎంతో కష్టపడి, మొత్తం మింగింది.